బావది ముంబై

ఐపీఎల్ లీగ్ మ్యాచులు జరిగినన్నాళ్లు మా ఖిల్లా ఘణపూర్‌లో ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ఇవాళ ఓడితే ఎల్లుండి ఇంకో మ్యాచ్ ఉంటుందన్న ధీమా. ప్లేఆఫ్స్ మొదలైతే లెక్క మారుతుంది. పట్టికలో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లకు ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల వాళ్లు ఎలిమినేటర్‌లో ఓడితే పెట్టె సర్దుకోవలసిందే. అందుకే ఆ వారం రోజులు బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో బెంచీలు కూడా టీములవారీగా నిండుతాయి. ధోని పిల్లలు ఒకవైపు, కోహ్లీ పిల్లలు ఒకవైపు. పొద్దున పాలు పోయించుకునేటప్పుడు మొదలైన వాదన రాత్రి మ్యాచ్ అయిపోయాక కూడా అరుగుల మీద నడుస్తూనే ఉంటుంది. అందులో చెడ్డేమీ లేదు. ఎండాకాలం, పొలం పని తక్కువ, చీకటి పడ్డాక నలుగురు ఒకచోట కూర్చోవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

నేను ఆ సాకును పాడు చేసుకున్నాను. ఒక్క మాటతో. అది నోరుజారిన మాట అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, నోరు జారాలంటే ముందు ఆ మాట లోపల ఉండాలి కదా. ఉంది.

నాది మొదటి నుంచీ హైదరాబాదు జట్టే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ చార్జర్స్. ఆ ఏడు అట్టడుగున నిలిచి, మరుసటేడు జోహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు ఎత్తిన జట్టు. అది పోయి 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. పేరు, యజమాని, చొక్కా రంగు అన్నీ మారినా నా మనసు మారలేదు. 2016 మే 29న బెంగళూరులో, కోహ్లీ ఒక్కడే ఆ సీజన్లో 973 పరుగులు చేసిన జట్టు మీద, వాళ్ల సొంత మైదానంలోనే 8 పరుగులతో మనవాళ్లు గెలిచినప్పుడు నేను మా ఫర్టిలైజర్ షాపు ముందు పటాకులు కాల్చాను.

మా బావది ముంబై. మేనత్త కొడుకు, నాకంటే పెద్దవాడు. బావకు బామ్మర్దిని ఏడిపించే హక్కు, బామ్మర్దికి బావ మీద పరాచికాలాడే హక్కు మన ఇళ్లల్లో పుట్టుకతో వస్తాయి. మేం ఆ హక్కును పూర్తిగా వాడుకున్నాం. ముంబై ఓడిన రోజు పొద్దున్నే నేను ఫోన్ చేసి, "బావా, కండ్లు బాగనే కనపడుతున్నయా, రాత్రి స్కోరు సరిగ్గ చూసినవా?" అని అడిగేవాణ్ని. హైదరాబాద్ ఓడిన రోజు ఆయన షాపుకొచ్చి యూరియా బస్తా అడిగి, డబ్బులిస్తూ, "మీ టీముకు గూడ ఇంత చల్లు బామ్మర్దీ, జర ఎదుగుతది" అనేవాడు. పక్కనున్న రైతులు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని.

పాలమూరు పల్లెలో ఒకడు ముంబై టీమును తన టీము అనుకోవడం నాకు వింతగా ఉండేది. దాని వెనక ఏముందో తెలియక కాదు. అత్తను ఇచ్చిన ఇంట్లో నీళ్లు లేని మెట్ట చేను తప్ప ఇంకేం లేదు. ఒక ఏడు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని, పసిపిల్లవాడైన బావను చంకనేసుకొని, దసరా వెళ్లాక అత్తామామలు బొంబాయి పోయారు. వానలు పడ్డాక వచ్చి విత్తనం వేసుకోవడం, పండక మళ్లీ పోవడం. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, ఎక్కడ పెద్ద భవనం లేచినా పాలమూరు లేబర్ ఉంటారని పేరుంది కదా, ఆ పేరు వెనకున్న వేల కుటుంబాల్లో మా అత్తది ఒకటి. మాకు బావి ఉండేది, తర్వాత బోరు పడింది. మేం ఊరు కదలలేదు. అప్పుడు మా నాయన చెల్లెలికి ఇంకాస్త ఆసరా ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. మామ పోయాక, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు మా వైపు రావడం మొదలయ్యాక అత్తా బావా ఊళ్లో స్థిరపడ్డారు. వేరుశనగ వేశారు, తర్వాత వరి కూడా.

2019 మే నెల. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మూడు విడతల్లో నడుస్తున్నాయి, ఊరు ఎట్లాగూ పార్టీలుగా విడిపోయి ఉంది. మే 2న వాంఖడేలో ముంబైతో మ్యాచ్. ఆఖరి బంతికి 7 పరుగులు కావాలి. మనీశ్ పాండే సిక్సర్ కొట్టి టై చేశాడు. నేను కుర్చీ మీదికెక్కాను. సూపర్ ఓవర్లో బుమ్రా మనవాళ్లను 8 పరుగులకే కట్టేశాడు, హార్దిక్ మొదటి బంతినే సిక్సర్ బాదాడు, ముంబై గెలిచింది. బావ ఆ రాత్రి ఒక్క మాటా అనలేదు. నా ముఖం చూసే ఊరుకున్నాడనుకుంటాను.

మూడు రోజులకే విచిత్రం. లీగ్‌లో ఆఖరి మ్యాచ్ ముంబైకీ కోల్‌కతాకూ. కోల్‌కతా ఓడితేనే హైదరాబాద్ 12 పాయింట్లతో, నెట్ రన్‌రేట్ మీద ప్లేఆఫ్స్‌కు పోతుంది. ఆ ఒక్క రాత్రి బావదీ నాదీ ఒకటే టీము. రోహిత్ ఫోర్ కొట్టిన ప్రతిసారీ ఇద్దరం చేతులు చరుచుకున్నాం. ముంబై 9 వికెట్లతో గెలిచింది. "నీ టీముకు టికెట్ మేమే కొనిచ్చినం" అన్నాడు బావ. నిజమే.

ఆ టికెట్ మూడు రోజులే పనికొచ్చింది. మే 8న విశాఖపట్నంలో ఎలిమినేటర్. ఢిల్లీ ముందు 163 లక్ష్యం. చివరి మూడు ఓవర్లదాకా మ్యాచ్ మనదే. అక్కడి నుంచి రిషభ్ పంత్ ఒక్కడే లాగేసుకున్నాడు, 21 బంతుల్లో 49. ఒక్క బంతి మిగిలి ఉండగా, 2 వికెట్ల తేడాతో ఓడాం. మరునాడు బావ మామూలుగానే షాపుకొచ్చి, "టికెట్ పైసలు వాపస్ ఇయ్యి బామ్మర్దీ" అన్నాడు. ప్రతిసారీ అనేలాంటి మాటే. నాకు మాత్రం ఆ రోజు అది నెత్తిన కొట్టినట్టయింది. వీళ్ల దయ మీద మనం ప్లేఆఫ్స్‌కు పోవడమేమిటి, వీళ్లు మనల్ని ఎత్తిపొడవడమేమిటి అనిపించింది. ఆ "వీళ్లు" ఎవరో అప్పుడు నేను తరచి చూసుకుని ఉంటే, ముంబై ఇండియన్స్ ఆటగాళ్లు కారని తెలిసేది.

ఫైనల్ మే 12, ఆదివారం. చెన్నైలో జరగాల్సింది ఉప్పల్‌కు మారింది. మన మైదానంలో ఫైనల్, అందులో మన టీము లేదు. ముంబై, చెన్నై. నేను చెన్నై వైపు చేరాను. చెన్నై మీద ప్రేమ ఏనాడూ లేదు. 2018 ఫైనల్లో వాట్సన్ మొదటి 10 బంతులకు ఒక్క పరుగూ చేయకుండా, తర్వాత 117 కొట్టి మన కప్పు ఎగరేసుకుపోయిన టీము అది. అయినా ముంబై ఓడాలి. సాకు కూడా దొరికింది, రాయుడు చెన్నైలో ఉన్నాడు. ప్రపంచకప్పు జట్టులో చోటు దక్కలేదని తెలుగువాళ్లంతా బాధపడుతున్న రోజులు. "మనోడు ఆడుతున్న టీమే మన టీము" అన్నాను. అదే లెక్కయితే డెక్కన్ చార్జర్స్‌తో 2009 కప్పు గెలిచిన రోహిత్ శర్మను ఏమనాలి? ఆ ఏడు ముంబై మీదే హ్యాట్రిక్ తీసినవాడు, వాళ్లమ్మది విశాఖపట్నం. రాయుడు మాత్రం, చెన్నైకి రాకముందు ఏళ్ల తరబడి ముంబైకి ఆడినవాడే. వేలంలో కొనుక్కునే ఆటలో మన గడ్డ, పరాయి గడ్డ అని గీత గీయబోతే ఆ గీత ఒక సీజనైనా నిలబడదు. నాకు ఇవన్నీ తెలుసు. గుర్తుచేసుకోవడం ఇష్టం లేదు, అంతే.

మ్యాచ్ బావ వాళ్ల వాకిట్లో చూశాం. టీవీ బయటికి తెచ్చి, స్టూలు మీద పెట్టి, కేబుల్ వైరు కిటికీలోంచి లాగారు. పిల్లలు కింద, పెద్దవాళ్లు నులక మంచాల మీద. అత్త పల్లీలు ఉడకబెట్టి పెద్ద సిబ్బిలో తెచ్చి మధ్యలో పెట్టింది. ముంబై 149 కొట్టింది. రాయుడు 1 పరుగుకే బుమ్రాకు దొరికిపోయాడు. ధోని రనౌటయ్యాడా లేదా అని థర్డ్ అంపైర్ చాలాసేపు చూసి ఔటిచ్చాడు. వాకిలి రెండుగా చీలి అరుపులు. బావ నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత వాట్సన్ లేచాడు. మలింగ ఓవర్లో 20 పరుగులు, కృనాల్ ఓవర్లో ఇంకో 20. గెలుపు చెన్నై చేతికి వచ్చినట్టే ఉంది. నేను లేచి నిలబడి, బావ వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాను:

"ఇగ మూట కట్టు బావా, బొంబాయి బస్సు తయారున్నది. తట్టలు మోసినోళ్లకు ముంబై గాక ఇంకేం టీము దొరుకుతది!"

కొందరు నవ్వారు. నవ్విన వాళ్లలో మా తమ్ముడు కూడా ఉన్నాడు. బావ ముఖంలో నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్లు టీవీ మీదికి పోయి, అక్కణ్నుంచి కదలలేదు. అత్త పల్లీ పొట్టు ఎత్తుతూ నా పక్కనే ఉంది. ఎత్తిన పొట్టు చేతిలోనే పెట్టుకొని లోపలికి పోయింది. తట్టలు మోసింది ఆమె.

ఆఖరి ఓవర్ అందరికీ గుర్తుండే ఉంటుంది. 9 పరుగులు కావాలి, నాలుగో బంతికి వాట్సన్ రనౌట్, ఆఖరి బంతికి 2 కావాలి, మలింగ నెమ్మదిగా వేసిన యార్కర్, శార్దూల్ ఎల్బీడబ్ల్యూ. ఒక్క పరుగుతో ముంబైకి నాలుగో కప్పు. వాకిట్లో ముంబై పిల్లలు ఎగిరారు. బావ లేచి టీవీ వైరు చుట్టడం మొదలుపెట్టాడు. నేను ఇంటికొచ్చాక, ఓడిపోయిన కోపంలో ఉన్నానని నా భార్య అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

తప్పు అంతటితో ఆగినా బాగుండేది. తర్వాత నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. "ఆటలో అన్న మాటకు గింత పట్టింపా? ఆయన నన్ను అనలేదా?" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. బావ మానేసింది మాటలు కాదు, పరాచికాలు. షాపుకొచ్చేవాడు, మందు డబ్బా తీసుకునేవాడు, ఎంత అని అడిగి ఇచ్చి పోయేవాడు. పెళ్లిళ్లలో పలకరించేవాడు. మర్యాదలో లోటు లేదు, చనువు మాత్రం తీసేశాడు. బావ–బామ్మర్దుల మధ్య చనువు పోవడం అంటే ఏమిటో పడ్డవాడికే తెలుస్తుంది. ఆయన నన్ను ఎన్నోసార్లు అన్నాడు, నిజమే. కానీ ఆయన అన్నదంతా నా టీమును. నా తల్లిని, నా తిండిని ఏనాడూ అనలేదు. ఈ తేడా నాకు ఆ ఏడంతా తలకెక్కలేదు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. ఐపీఎల్ వాయిదా పడింది. ముంబైలో పనులు ఆగిపోయి మన పాలమూరు జనం ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. గుడిసెలకు కిరాయి కట్టలేరు, బస్సులు, రైళ్లు లేవు. రోజూ టీవీలో నడిచివచ్చేవాళ్లే. వచ్చినవాళ్లను ఊళ్లు భయంగా చూశాయి. ముంబై నుంచి అంటే చాలు, ఎదురింటివాళ్లు తలుపు వేసుకునేవారు. నేనూ వేసుకున్నాను. బోరు నీళ్లు తాగి పెరిగిన నాకు ముంబై అనే మాట ఎప్పుడూ పరాయిదే. ఏడాది కింద వాకిట్లో నేను గట్టిగా అన్నది, ఇప్పుడు ఊరు మొత్తం నోరెత్తకుండా చేస్తోంది. అది చూసినప్పుడు నా మాట నాకు మళ్లీ వినబడింది.

ఆ నెలల్లో బావ ఫోను ఆగలేదు. ఆయనకు మరాఠీ, హిందీ ధారాళంగా వస్తాయి. ఎవరి నంబరో ఎవరో ఇస్తే, అక్కడి మేస్త్రీతో ఒకసారి, పోలీసులతో ఒకసారి, రేషను ఇచ్చే సంఘం వాళ్లతో ఒకసారి మాట్లాడేవాడు. ఒకరోజు ఎరువు దింపడానికి వాళ్ల పొలం పోయాను. బోరు మోటరు పక్కన కూర్చొని ఎవరితోనో మరాఠీలో బతిమాలుతున్నాడు, మధ్యలో తెలుగులోకి మారి, "ఏడవకు చెల్లే, బండి దొరుకుతది" అంటున్నాడు. ఫోన్ పెట్టాక నేను అక్కడే కూర్చున్నాను. అప్పుడు అడిగాను, ఇన్నేళ్లూ అడగనిది: అసలు నీకు ముంబై టీము ఎట్లా వచ్చింది బావా?

చెప్పాడు. వాళ్లు కడుతున్న భవనం దగ్గర వాచ్‌మెన్‌ రేకుల షెడ్డులో చిన్న టీవీ ఉండేదట. మ్యాచ్ ఉన్న రాత్రి సైటు మీది తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, బిహారువాళ్లు అందరూ ఆ షెడ్డు ముందు చేరేవాళ్లట. పగలు సూపర్‌వైజర్ బావను "ఏ తెలుగూ" అని కేకేసి పిలిచేవాడు. మ్యాచ్ ఉన్న రాత్రి మాత్రం అదే మనిషి పక్కన కూర్చోబెట్టుకొని సచిన్ ఎందుకు అలా నిలబడ్డాడో చెప్పేవాడు. 2013 మే 26న కోల్‌కతాలో చెన్నైని ఓడించి ముంబై మొదటి కప్పు గెలిచిన రాత్రి ఆయన అందరికీ పేడాలు పంచాడట. "ఆ ఊరోళ్లు నన్ను తమ పిల్లగానిలెక్క చూసిన రాత్రి గదొక్కటే బామ్మర్దీ" అన్నాడు బావ. "ఇక్కడికొస్తే బొంబాయోడు, అక్కడికి పోతే తెలుగోడు. నాకని దొరికింది గా టీమొక్కటే."

బొంబాయికి మనవాళ్ల పోక నిన్నటిది కాదు. కామాఠీపురా అన్న పేరే అక్కడ కూలికి చేరిన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. ఆ నగరం గోడల్లో మనవాళ్ల చెమట తరతరాలుగా ఉంది. ఆ లెక్కన ముంబై టీము మీద బావకున్న హక్కు, హైదరాబాద్ టీము మీద నాకున్న హక్కుకు వీసమెత్తు తక్కువ కాదు. ఎక్కువేనేమో కూడా. నేను హైదరాబాద్‌లో ఒక్క ఇటుకా పేర్చలేదు.

క్షమాపణ అడగడం కూడా నాకు సరిగా చేతకాలేదు. ముందు నా భార్యతో ఆవకాయ జాడీ పంపాను. అత్త తీసుకుంది, ఖాళీ జాడీ కడిగి తిరిగి పంపింది. తర్వాత బావతో, "అప్పుడేదో అన్న, మనసుల పెట్టుకోకు" అన్నాను. "నాకేం లేదు, మా అమ్మ వినకపోతే బాగుండేది" అన్నాడు. అప్పుడు గానీ ఎవరి దగ్గరికి పోవాలో తెలియలేదు. అత్త దగ్గరికి పోయి కింద కూర్చొని, ఆ రోజన్న మాటను ఉన్నదున్నట్టు మళ్లీ పలికి, అది తప్పని చెప్పాను. తప్పుడు మాటను మళ్లీ పలకకుండా అడిగే క్షమాపణ సగం దాచుకున్నట్టే ఉంటుందని నాకనిపించింది. ఆమె కాసేపు ఊరుకొని, "తట్టలు మోసిన, నిజమే గద అల్లుడా. అనిందానికి గాదు నాకు. నవ్విన్రు సూడు, నవ్వినోళ్లు మా పుట్టింటోళ్లు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కెనడాలో ఉద్యోగం చేసే నా డిగ్రీ స్నేహితుడు ఒకసారి ఐస్ హాకీ వీడియో పంపాడు. అక్కడ స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్‌లో ఒక్కో పోటీ ఏడు మ్యాచ్‌ల సిరీస్, నాలుగు ముందు గెలిచినవాళ్లు పైకి పోతారు. రెండు వారాలు ఒకరినొకరు గోడకేసి గుద్దుకున్నవాళ్లు, ముక్కులు పగిలినవాళ్లు, సిరీస్ ముగిసిన నిమిషంలో రెండు వరుసల్లో ఎదురెదురుగా వచ్చి ఒక్కొక్కరితో చేతులు కలుపుతారు. ఓడినవాడు ఏడుస్తూ కూడా ఆ వరుసలో నిలబడాల్సిందే. అదే ఆటలో 2011 జూన్ 15న ఏడో మ్యాచ్ బోస్టన్ చేతిలో ఓడిన రాత్రి, వాంకూవర్ వీధుల్లో జనం కార్లు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు. మంచు మీద ఆడినవాళ్లకు చేతులు కలిపే వరుస ఉంది, బయట చూసినవాళ్లకు లేదు. మాకూ లేదు. మా వాకిట్లో మ్యాచ్ అయ్యాక ఎవరి దారిన వాళ్లు లేచిపోతారు, అన్న మాటలు అక్కడే పడి ఉంటాయి.

ఇప్పుడు మా షాపు ముందు పిల్లలు వాదించుకుంటుంటే నేను ఒక్క సంగతి మాత్రం పట్టించుకుంటాను. మాట ఆట మీద ఉన్నంతసేపు ఎంత కారంగా ఉన్నా కలగజేసుకోను. కులం దిక్కో, ఇల్లు దిక్కో, తండ్రి చేసే పని దిక్కో మళ్లిందంటే లేచి వెళ్లి ఆపుతాను. పెద్దవాణ్నన్న గౌరవంతో ఊరుకుంటారో, వాళ్లకూ నా కథ తెలుసో గానీ, ఆగుతారు.

2024లో సన్‌రైజర్స్ ఒక ఊపు ఊపింది. బెంగళూరు మీద 287 కొట్టిన ఏడాది అది. ముంబై పట్టికలో అట్టడుగున నిలిచింది. మే 26న చెన్నైలో కోల్‌కతాతో ఫైనల్. ఆ సాయంత్రం బావ తనంతట తానే మా ఇంటికొచ్చాడు, అత్తను కూడా తీసుకొచ్చాడు. కమిన్స్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. మొదటి ఓవర్లోనే స్టార్క్ బంతికి అభిషేక్ బౌల్డ్, వెంటనే హెడ్ సున్నా. 113 పరుగులకే అందరూ ఔట్. కోల్‌కతా పదకొండో ఓవర్లోనే ముగించేసింది. నేను తల పట్టుకొని కూర్చుంటే బావ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు సవరించుకొని, "ఆ పిచ్ మీద టాస్ గెల్సి ఎవడన్న బ్యాటింగ్ తీసుకుంటడా బామ్మర్దీ?" అన్నాడు.

"ఫైనల్ల స్కోరు బోర్డు మీద ఉండాలె బావా. 2016ల గూడ ముందు బ్యాటింగే చేసి గెల్సినం."

"2016ల వార్నరుండె. మీరే పంపిస్తిరి గద ఆయనను."

ఆ వాదన ఆ రాత్రి పన్నెండు దాటేదాకా నడిచింది. టాస్ విషయంలో ఆయన చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అంటాను.